వెనకమోపు

అనగనగా ఒక రాజు. పేరు వీరకేసరి, ఏలేది సింగారగిరి. ఆయనకి ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, ముగ్గురు కొడుకులున్నారు. పెద్దవాడు శూరసేనుడికి బలం ఎక్కువ. నడిమివాడు ధీరసేనుడికి తెలివి ఎక్కువ. చిన్నవాడు మందారుడికి ఏం ఎక్కువో ఎవరూ టక్కున చెప్పలేకపోయేవారు. తల్లి కనకాంబ మాత్రం, "వాడికి ఓపిక ఎక్కువలే" అనేది.

ఒక ఏడు మార్గశిరం రాగానే రాణిగారి కాలివేళ్ళు మంచుముక్కల్లా చల్లబడ్డాయి. కంబళ్ళు కప్పారు. శొంఠి కాచి పోశారు. నువ్వులనూనె మర్దనా చేశారు. చలి తగ్గలేదు సరికదా, రోజుకింత చొప్పున పైకి పాకింది. పాదాలయ్యాయి, పిక్కలయ్యాయి, మోకాళ్ళయ్యాయి.

రాజవైద్యుడు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది మందుకి లొంగే చలి కాదు మహారాజా! వెలుగుకొండ మీద అఖండదీపం ఉంది. దాన్నుంచి నిప్పు తెచ్చి రాణిగారి పాదాల దగ్గర కుంపటి పెట్టాలి. రథసప్తమిలోపు తేవాలి. ఆ గడువు దాటితే చలి గుండెకి చేరుతుంది."

వెలుగుకొండ పేరు వినగానే రాజుగారి ముఖం పాలిపోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అది చూసింది మందారుడొక్కడే.

వెలుగుకొండకి ఏడు మజిలీల దారి. మజిలీకొక సత్రం, సత్రం దాటగానే ఒక చెరువు. ఎండాకాలంలో వేలమంది యాత్రికులు ఆ దారిన నడుస్తారు. చలికాలంలో మాత్రం ముప్ఫై ఏళ్ళుగా అటు వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు లేరు. శీతకేతుడనే మాంత్రికుడు చెరువుల్ని గడ్డకట్టించి, మనుషుల్ని మంచుబొమ్మలు చేస్తున్నాడని చెప్పుకునేవారు.

కనకాంబ కొడుకుల్ని మంచం దగ్గరికి పిలిచింది. "నాయనలారా, ఆ దారి నియమం మా అమ్మమ్మ చెప్పేది. కాళ్ళకి చెప్పులుండకూడదు, గుర్రమెక్కకూడదు. ఉన్న పుల్లలతో చలి కాచుకుని, పొద్దున్నే బయల్దేరేముందు నిప్పుల మీద బూడిద కప్పి, వెనక వచ్చేవాడి కోసం ఒక మోపు కట్టెలు ఏరి పెట్టాలి. దాన్నే వెనకమోపు అంటారు."

పెద్దవాడు నవ్వాడు. "అమ్మ ప్రాణం మీదకొస్తే నడుస్తూ కూర్చుంటామా?" అని గుర్రమెక్కి వెళ్ళాడు. పదిరోజులైంది, తిరిగి రాలేదు.

చలి రాణిగారి తొడలకెక్కింది. నడిమివాడు చెప్పులు విప్పి, నడిచే వెళ్ళాడు. పదిహేను రోజులైంది, తిరిగి రాలేదు.

చలి నడుముకెక్కింది. మందారుడు తల్లి పాదాలు కళ్ళకద్దుకుని, మట్టి కుంపటి ఒకటి చేతపట్టి బయల్దేరాడు.

మొదటి సత్రానికి చేరేసరికి అతని పాదాలు పగిలి నెత్తురు చిమ్ముతున్నాయి. లోపల పొయ్యి చల్లగా ఉంది. కట్టెపుల్ల ఒక్కటీ లేదు. పెద్దన్న ఉన్నవన్నీ మంటేసుకుని వెళ్ళిపోయాడు! పొయ్యి గట్టు మీద ఒక ముసలి కాకి మాత్రం ముడుచుకుని వణుకుతోంది.

మందారుడు అడవిలోకి వెళ్ళి పుల్లలేరుకొచ్చి మంట వేశాడు. కాకిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పొద్దున్నే నిప్పుల మీద బూడిద కప్పి, మళ్ళీ అడవి బాట పట్టాడు.

"మళ్ళీ ఎక్కడికోయ్?" అంది కాకి.

"వెనకమోపుకి, కాకిమామా!"

"ఎవడొస్తాడోయ్ నీ వెనక? ఈ చలికి దెయ్యాలు కూడా గడప దాటవు."

"వస్తే?"

"రాకపోతే?"

"రాకపోతే పుల్లలు ఎక్కడికీ పోవుగా."

కాకి విసుగ్గా రెక్కలు దులుపుకుంది. కానీ అతని వెంటే ఎగిరింది.

సత్రం దాటగానే మొదటి చెరువు. దాని నడుమ గుర్రంతో సహా మంచుబొమ్మైపోయి ఉన్నాడు పెద్దన్న. మందారుడు అన్న చెయ్యి తడిమి, కళ్ళు తుడుచుకుని ముందుకి నడిచాడు. వెనకమోపు పెట్టి వచ్చినవాడు కనుక చెరువు మంచు అతన్ని పట్టుకోలేదు.

రెండో సత్రంలోనూ పుల్ల లేదు. మొదటి చెరువులో పెద్దన్నని చూసి గట్టు చుట్టి వచ్చిన నడిమన్న, ఇక్కడ తెలివిగా కాల్చుకున్నన్ని కాల్చుకుని, మిగిలినవి తన వీపున కట్టుకుపోయాడు. మందారుడు మళ్ళీ ఏరాడు, మళ్ళీ కాచుకున్నాడు, మళ్ళీ మోపు పెట్టాడు. "ఎవడొస్తాడోయ్ నీ వెనక?" అంది కాకి. "వస్తే?" అన్నాడు మందారుడు. చుట్టుదారి లేని రెండో చెరువు మీద నడిమన్న, వీపు మీది మోపుతో సహా గడ్డకట్టి నిలబడి ఉన్నాడు.

మూడో సత్రంలో మందారుడు మోపు కడుతుంటే, కాకి ముక్కున ఒక ఎండుపుల్ల తెచ్చి పడేసింది.

"ఇదేంటి కాకిమామా?"

"ఊరికే. నోరు ఖాళీగా ఉందని తెచ్చాను. నీ మాట నమ్మి కాదు!"

అలా నాలుగయ్యాయి, అయిదయ్యాయి, ఆరయ్యాయి. ఏడో సత్రంలో కాకి మెల్లగా అంది: "అబ్బాయ్, ఒక రహస్యం చెబుతా విను. శీతకేతుడి ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక ఏడో చెరువు నడుమ మంచుపంజరంలో ఉంది. వాడు కనిపించేలోపు దాని మెడ నులిమేశావంటే నీ అన్నలు లేస్తారు, దారి తెరుచుకుంటుంది."

మందారుడు ఏడో చెరువు నడుమకి చేరాడు. పంజరం పగలగొట్టి చిలకని చేతిలోకి తీసుకున్నాడు. అది చిగురుటాకులా వణుకుతోంది. ముక్కు తెరిచింది కానీ మాట రాలేదు.

"నులుము! ఊఁ, కానీ!" అంది కాకి.

మందారుడికి నులమడానికి చేతులు రాలేదు. అమ్మ కాళ్ళు కూడా ఇంత చల్లగానే ఉన్నాయి కదా అనుకున్నాడు. చిలకని అంగీలోపల గుండెకి హత్తుకున్నాడు.

అప్పుడే ఎదురుగా మంచులోంచి మంచులాంటి ముసలాయన లేచాడు. కనుబొమల మీద, గడ్డం మీద మంచుపూత. శీతకేతుడు!

"వీరకేసరి కొడుకువి కదూ?" అన్నాడు. "మోపు పెట్టావు, చూశాను. నీ తండ్రి పెట్టలేదు. ముప్ఫై ఏళ్ళనాడు ఇదే నెలలో మా అమ్మని భుజాన మోసుకుని ఈ దారిన వచ్చాను. నాకు ముందు నీ తండ్రి నూరుమంది పరివారంతో వెళ్ళాడు. ఏడో సత్రంలో కట్టెలన్నీ పొయ్యిలో పెట్టి పరమాన్నాలు వండించాడు. నేను వచ్చేసరికి పొయ్యిలో నీళ్ళు పోసి ఉన్నాయి. నా చేతుల్లోనే మా అమ్మ చల్లబడిపోయింది. ఇప్పుడు మీ అమ్మ వంతు!"

మందారుడికి తండ్రి ముఖం ఎందుకు పాలిపోయిందో అర్థమైంది. "తాతా, మా నాన్న చేసింది తప్పే," అన్నాడు. "మీ అమ్మని నేను తేలేను. కానీ ఈ చిలక బతికే ఉంది. ముందు దీన్ని చలి కాచుకోనియ్యి."

కుంపటి మూత తీశాడు. ఏడో సత్రంలో వేసుకొచ్చిన నిప్పులు ఆరిపోయి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గుండెలోని వెచ్చదనం చిలకకి పోతోంది, చెరువులోని చలి అతని ఒంట్లోకి ఎక్కుతోంది. పెదవులు నీలమయ్యాయి.

కాకి పైకెగిరింది. ఎగిరి, ఒక్క కేక పెట్టింది. "వస్తోందోయ్! నీ వెనక ఒక పిల్ల వస్తోంది!"

నిజమే. నెత్తిన కట్టెలమోపు, చేతిలో పొగలు కక్కే నిప్పులకుండ, భుజాన గొంగడి. గొర్రెలకాపరి మల్లన్న కూతురు సంపంగి. తండ్రికి పోయిన చూపు మళ్ళీ రావాలని మొక్కుకుని, చలికాలమని ఎవరెంత వారించినా వినకుండా నడుస్తోంది.

"ఏమయ్యా, సత్రాల్లో మోపులు పెట్టింది నువ్వేనా?" అంటూ దగ్గరికొచ్చింది. "మొదటి మజిలీలోనే వెనక్కి పోదామనుకున్నాను. బూడిద కదిపితే నిప్పు కనబడింది. ఎవరో నాకోసం పెట్టారే అని ఒక్కొక్క మజిలీ నడిచొచ్చాను. నేనూ ఏడుచోట్లా పెట్టే వచ్చాలే!"

మాట్లాడుతూనే మంట వేసింది. ఆ నిప్పు మందారుడు ఏడో సత్రంలో కప్పి వచ్చిన నిప్పే.

వెచ్చదనం తగలగానే చిలక అంగీలోంచి తల బయటపెట్టింది. రెక్క విదిల్చింది. ముప్ఫై ఏళ్ళుగా గొంతులో గడ్డకట్టిన మాట ఒక ముసలమ్మ గొంతుతో పలికింది:

"నాయనా, వెనకమోపు పెట్టావురా?"

శీతకేతుడు నిలువునా కదిలిపోయాడు. అది అతని తల్లి గొంతు. ఆ చిలక ఆవిడ పెంచినది. ప్రతి మజిలీలోనూ బయల్దేరేముందు ఆవిడ అడిగే మాటే అది.

"నాయనా, వెనకమోపు పెట్టావురా?"

"లేదే అమ్మా," అన్నాడు ముసలాయన, చిన్నపిల్లాడిలా. "ముప్ఫై ఏళ్ళుగా పెట్టలేదే. వచ్చినవాళ్ళందరికీ చలే పెట్టానే." అతని కళ్ళలోంచి వేడినీళ్ళు కారాయి. అవి పడ్డచోటల్లా మంచు కరిగింది. ఏడు చెరువులూ గలగలమన్నాయి. మంచుబొమ్మలన్నీ తుమ్ముకుంటూ లేచి గట్టెక్కాయి. నడిమన్న వీపు మీద మోపు చూసుకుని సిగ్గుపడి, దాన్ని తీసుకెళ్ళి సత్రంలో పెట్టొచ్చాడు. పెద్దన్న గుర్రం దిగి నడిచాడు.

మందారుడూ సంపంగీ కొండెక్కి దీపానికి మొక్కారు. కుంపట్లో నిప్పు నింపుకుని తిరుగుదారి పట్టారు. ప్రతి సత్రంలోనూ వాళ్ళకోసం సంపంగి పెట్టిన మోపు ఉంది. రథసప్తమినాడు సూర్యుడు పొడిచేవేళకి కుంపటి కనకాంబ పాదాల దగ్గరుంది. ఆవిడ కాలివేళ్ళు కదిపి, "అబ్బ, వెచ్చగా ఉందిరా" అంది. అక్కడ కాపరి మల్లన్న గుడిసె ముందు కూర్చుని, "ఈ గొర్రెకి మచ్చ ఉందేమిటి?" అని అడిగాడు.

మందారుడికీ సంపంగికీ పెళ్ళయింది. కాకి పెళ్ళిపెద్ద. "వెనక ఎవరో ఒకరొస్తారని నేను ముందే చెప్పాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

మరుసటి మార్గశిరంలో వీరకేసరి మహారాజు కిరీటం చిన్నకొడుక్కిచ్చి, చెప్పులు విప్పి, ఒంటరిగా వెలుగుకొండ దారి పట్టాడు. ఏడో సత్రంలో పొయ్యి రాజేస్తున్న ముసలాయన ముందు నెత్తిమీది మోపు దించి, తలవంచి నిలబడ్డాడు.

శీతకేతుడు ఆ మోపులోంచి ఒక కట్టె తీసి పొయ్యిలో పెట్టాడు. తర్వాత కొంచెం పక్కకి జరిగి, మంట దగ్గర చోటిచ్చాడు. "కూర్చో. కాళ్ళు చాపుకో," అన్నాడు.

మందారుడూ సంపంగీ నూరేళ్ళు రాజ్యమేలారు. చలికాలంలో ఆ దారి మళ్ళీ మూతపడలేదు. వాళ్ళు బూడిద కప్పి ఉంచిన నిప్పులా ఆరకుండా, ఈ కథ మన దగ్గరికి వచ్చింది.