మనిషివేరు తీర్థం

ఒకానొక రాజ్యంలో, సముద్రపు ఒడ్డున, చండసేనుడనే రాజు ఉండేవాడు. మహా బలవంతుడని పేరు. ఆ పేరు పెట్టింది ఆయనే, దండోరా వేయించి మరీ.

ఆ ఏడు విషజ్వరం వచ్చింది. పోయినవాళ్లు పోగా, మిగిలినవాళ్లు పేరుకే మిగిలారు. జ్వరం దిగినా కాళ్లలో సత్తువ లేదు, నోటికి అన్నం సహించదు. అప్పుడే చీనా దేశపు ఓడ ఒకటి రేవుకొచ్చింది. ఓడ నిండా ఒక వింత వేరు. తల, మొండెం, చేతులు, కాళ్లు, అచ్చం మనిషే. జ్వరంపడి లేచినవాళ్లకు దీని కషాయం పోస్తే నీరసం తీరుతుందని, తమ దేశంలో తరతరాలుగా అదే చేస్తున్నామని ఓడ వర్తకులు చెప్పారు.

ఆ మాట రాజు చెవిన పడింది. ఇంకేముంది, ఓడలో సరుకంతా కోటకు చేరింది.

ఆస్థానంలో పురాణం చదివే సూరాంబ కూతురు బంగారక్క కూడా జ్వరంపడి లేచినదే. చంకలో పసిబిడ్డ, ఎత్తుకునే ఓపిక లేదు. ఒక వేరుముక్క కొందామని రేవుకు వెళ్లిన సూరాంబకు ఖాళీ గోనెలు ఎదురయ్యాయి. అక్కడినుంచి ఆమె ఇంటికి పోలేదు. నేరుగా సభకు నడిచింది.

సభలో వేర్లన్నిటినీ బంగారు పళ్లేల్లో, పట్టుబట్టల మీద పడుకోబెట్టారు. రాజవైద్యుడు త్ర్యంబక పండితుడు ఉపన్యాసం దంచుతున్నాడు.

"ప్రభూ, ఇది మనిషి రూపం. బలమంతా ఆ రూపంలోనే ఉంది. కోయకూడదు, నూరకూడదు, మరగబెట్టి తాగడం ఓడమనుషుల అజ్ఞానం. రోజూ రొమ్ముకు ఆనించుకుంటే చాలు, ఇందులోని పురుషుడు తమలో ప్రవేశిస్తాడు."

"మరి ఊళ్లో లేవలేనివాళ్ల మాటేమిటి?" అని అడిగింది సూరాంబ.

"ఊరంతా బలిస్తే రాజు బలవంతుడని తెలిసేదెట్లా?" అన్నాడు చండసేనుడు. సభ పకపకా నవ్వింది.

సూరాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట అక్కడ అనేస్తే తల పోతుంది, తల పోతే బంగారక్కకు ఒరిగేదేమీ లేదు. కోపాన్ని గుటకేసి చేతులు జోడించింది.

"పండితులవారు అంత మాట అన్నాక ఇవి వేర్లెట్లా అవుతాయి ప్రభూ, దేవుళ్లు. దేవుళ్లను తెచ్చి ఉత్తినే ఎండబెట్టారే. ధూపం లేదు, అభిషేకం లేదు. పొరుగు రాజులు వింటే, పాపం, వీళ్లకు పూజ చెయ్యడం కూడా రాదనుకోరూ?"

పొరుగు రాజుల మాట వచ్చేసరికి రాజు మీసం కదిలింది. "అభిషేకం చేయిద్దాం."

"నేను చేయిస్తాను. చలిదేశంనుంచి వచ్చారు, వేన్నీళ్లకే అలవాటుపడ్డవాళ్లు. ఒక్క చెయ్యి విరిగినా నా చెయ్యి తీయించండి. ఇక తీర్థం అడిగినవాళ్లకు లేదనకూడదు, అది ఆచారం. తాగేదీ ఏలినవారి పేరు చెప్పుకునే కదా."

రాజు పండితుడి వైపు చూశాడు.

"రూపం చెడకుంటే చాలు ప్రభూ," అన్నాడు పండితుడు. "అవి ఒట్టి కడుగునీళ్లు. ఎవరు తాగితేనేం?"

"ఈ మాట సభంతా విన్నది పండితులవారూ," అంది సూరాంబ.

కోట పెరట్లో గంగాళం పొయ్యెక్కింది. సన్నటి సెగన వేర్లు పొద్దస్తమానం ఉడికాయి. నీళ్లు తేనెరంగుకు తిరిగాయి. సూరాంబ నాలుక మీద వేసుకుని చూసింది. ముందు చేదు, వెనక చిరుతీపి. సారమంతా నీళ్లలోకి దిగింది. అప్పుడు ఒక్కొక్క వేరునూ పసిబిడ్డను నీళ్లలోంచి తీసినట్టు తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్లీ పట్టుబట్టల మీద పడుకోబెట్టింది.

రోజూ ఉదయంపూట ఊరికి తీర్థం, మనిషికి ఒక్క గుటక. ఇంకాస్త పొయ్యమన్నవాళ్లను కసిరేది. "చాలు. ఎక్కువైతే కంటిమీద కునుకు రాదు. ఓడవాళ్లు చెప్పారు."

పోనుపోను ఊరు లేచి తిరిగింది. బంగారక్క తనంతట తాను అన్నం అడిగింది, ఆ తర్వాత ఒకనాడు బిడ్డను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. అది చూసి కూడా సూరాంబకు కోపం చల్లారలేదు. గుటకెడు నీళ్లకోసం ఇంత నాటకమా అని పళ్లు కొరుక్కుంది.

ఈలోగా జ్వరం కోటగోడ దూకింది. రాజు మంచమెక్కాడు. జ్వరం దిగాక రొమ్మునిండా మనిషివేర్లు పేర్చుకున్నా లేచి కూర్చోలేకపోయాడు. ఆయన్ను సభకు మోసుకెళ్తున్న బోయీ కూడా జ్వరంపడి లేచినవాడే.

"నువ్వెట్లా మోస్తున్నావురా?"

"తీర్థం ప్రభూ. సూరాంబమ్మ పోసింది."

సభలో పల్లకి దించగానే రాజు గద్దించాడు. "సూరాంబా, నా వేర్లలో బలం దొంగిలించావు. నీ తల తీయిస్తాను."

"తీయించండి. ముందు పోయిన సొత్తేమిటో పండితులవారు చూసి చెప్పాలి."

పండితుడు పళ్లేలన్నీ తిరగేశాడు. "తలలున్నాయి. చేతులున్నాయి. కాళ్లున్నాయి."

"రూపం?"

"చెడలేదు," అన్నాడు, గొంతు తగ్గించి.

"విన్నారుగా ప్రభూ. బలం రూపంలో ఉంటే అది తమ రొమ్ము మీదే ఉంది, నేను దొంగిలించింది కడుగునీళ్లు. కాదు, నీళ్లలోకే దిగిందంటారా, అయితే రూపంలో ఉందని చెప్పినవాడిది తప్పు, విని ఓడంతా ఊడ్చుకొచ్చినవారిది ఇంకా పెద్ద తప్పు. ఎవరెవరి తలలు తీయాలో తమరే తేల్చుకోండి. నా బిడ్డ గడప దాటలేక నేలమీద పాకుతుంటే తమరు మందుకు పట్టుపరుపులు వేశారు. ఏలడమంటే ఇదా?"

రాజు కత్తిపిడి మీద చెయ్యి వేసి లాగాడు. కత్తి సగం వచ్చింది. మిగతా సగం లాగే సత్తువ లేక అట్లాగే కూర్చుండిపోయాడు. కత్తిని చూసుకున్నాడు, సూరాంబను చూశాడు. కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"నిన్ను చంపాలన్నా ముందు నీ తీర్థమే తాగాలి గదా," అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

అక్కడికక్కడే తన మెడలో హారం తీసి ఇవ్వబోయాడు. సూరాంబ ముట్టలేదు. మందుల కొట్టు తాళంచెవి అడిగింది. రాజు ఇచ్చాడు. ఇకమీద ఏ ఓడ వచ్చినా వేర్లు ముందు లేవలేనివాళ్లకేనని ఆజ్ఞ వేశాడు. త్ర్యంబక పండితుణ్ణి కత్తిపీట ముందు కూర్చోబెట్టి, వచ్చిన వేరల్లా పల్చగా తరగమన్నాడు.

"మరి నా తీర్థం?" అని అడిగాడు రాజు.

"వరుస పెరట్లో ఉంది," అంది సూరాంబ.

బోయీలు పల్లకిని తీసుకెళ్లి వరుస చివర దించారు. ముందు నిలబడిన ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరు నాయనా, పల్లకిని నా మీదికి తోస్తున్నావు? కాస్త వెనక్కి జరుగు. నేను పొద్దుట్నుంచీ ఇక్కడే నిలబడ్డాను."

మహా బలవంతుడు చండసేనుడు వెనక్కి జరిగాడు.