జాంగ్రీ వెనకాల ఒక పూట

గవర్రాజు మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు, చేతికి పని చెబుతారు. "మా గులాబీ ఎందుకు పూయడం లేదండీ?" అని ఒకాయన అడిగితే, "ఒక రోజంతా దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చో" అన్నారట. ఆయన కూర్చున్నాడు. పక్కింటి నీళ్లట్యాంకు నీడ పొద్దుట్నించి సాయంత్రం దాకా మొక్కనీ తననీ కలిపి కప్పేసిందని తెలుసుకుని, మళ్లీ ఏమీ అడగకుండా కుండీ జరుపుకున్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన ఆ మాస్టారి పెరట్లో ఆదివారాలు మొక్కల పాఠం జరుగుతుంది. వచ్చేవాళ్లంతా నడివయసువాళ్లే. వాళ్లలో సువర్చలది మూడేళ్ల శిష్యరికం.

ఆ మూడేళ్లూ ఒక్క ముద్దమందారానికే సరిపోయాయి. మొగ్గ వేయడం, పిండినల్లి పట్టడం, మొగ్గ రాలిపోవడం. ఈ ఏడు మునిసిపల్ పార్కులో పూల ప్రదర్శన వారం ఉందనగా ఒక మొగ్గ నిలిచింది. నిలవడమే కాదు, సరిగ్గా ఆ రోజు తెల్లవారేసరికి అరచేయంత విచ్చుకుంది, నారింజ రంగులో. మందారం ఒక్క రోజు పువ్వు. సాయంత్రానికి ముడుచుకుపోతుంది. న్యాయనిర్ణేతలు పదకొండింటికి వస్తారు. ఆ వేళకే తోటికోడలు కూడా వస్తుంది. "సువర్చల చేత్తో గడ్డి కూడా మొలవదు" అని పెళ్లిలో నలుగురి ముందూ నవ్విన తోటికోడలు. ఆవిడకి తనే ఫోన్ చేసి మరీ రమ్మంది. కాబట్టి ఆ పువ్వు పదకొండు దాకా కొమ్మ మీద ఉండాలి. సువర్చలకి ఆ రోజు కావలసింది అంతే.

గేటు దగ్గర కాపలా పని కూడా ఆమెకే వచ్చింది. ఆటోలో కుండీని ఒళ్లో పెట్టుకుని, చంకలో నల్లబల్ల ఇరికించుకుని ఏడింటికే దిగింది. బల్ల మీద సుద్దతో గుండ్రంగా రాసి ఉంది: "కుక్కలకు ప్రవేశం లేదు." కుండీని దాని వరసలో పెట్టి వచ్చి, బల్లని గేటుకి కట్టబోతుంటే కుండీలు చేరవేసే అప్పలకొండ చామంతి కుండీల బండి తోసుకుంటూ వచ్చింది. బండి వెనక ఒక గోధుమరంగు కుక్క. తోక రెండు చుట్లు చుట్టుకుని ఉంది. పేరు జాంగ్రీ అట.

"ఆగాగు! కుక్క లోపలికి రాకూడదు."

"నానేటి సెయ్యను తల్లీ? బండెనకే వచ్చిసింది. మా ఇంట్లో మనుసులే నా మాట ఇనరు, ఇదింటాదా?"

గేటు పక్కన స్టూలు మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. సువర్చల ఆయన వైపు తిరిగింది. "మీరే చెప్పండి మాస్టారూ. పూల ప్రదర్శనలోకి కుక్కని రానివ్వొచ్చా, కూడదా?"

మాస్టారు జాంగ్రీని చూశారు. జాంగ్రీ మాస్టారిని చూసి ఆవలించింది. "బల్ల నా దగ్గరుంచు," అన్నారాయన. "గేటు నేను చూసుకుంటాను. పదకొండింటి దాకా నువ్వు దీని వెనకాలే తిరుగు. కన్ను మళ్లించకు. ఏం పాడుచేసిందో వచ్చి చెప్పు. అప్పుడు బల్ల కడదాం."

సువర్చల కొంగు బిగించింది. జాంగ్రీ ముందు, ఆమె వెనక. అది క్రోటన్ల వరసంతా వాసన చూసుకుంటూ పోయింది. షామియానా గుంజ దగ్గర కాలెత్తింది. గుంజ పోటీలో లేదు కనక సువర్చల ఊరుకుంది. చామంతి కుండీ అంచు మీద ముందుకాలు వేసినప్పుడు మాత్రం ఆమె రెండడుగులు ముందుకి దూకింది. అది మెడ గోక్కుని కాలు దించేసింది. ఆ తర్వాత ఫెర్నుల బల్ల కింద నీడలో పడుకుని ముప్పావుగంట నిద్రపోయింది. సువర్చల ఎండలో నిలబడి కాపలా కాసింది.

"ఏ జాతిదండీ?" అని ఎవరో పెద్దమనిషి ఆగి అడిగాడు.

"నాది కాదండీ."

"మరి మీరెందుకు నిలబడ్డారు?" అని, ఆమె ముఖం కేసి జాలిగా చూసి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఒక క్రోటన్ ఆకుని గోటితో గిల్లాడు, అసలుదో ప్లాస్టిక్‌దో తేల్చుకోవడానికి. ఆ పక్కనే ఒకావిడ అంటు కట్టుకుందామని చిన్న కొమ్మ విరిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, సువర్చలకేసి చుట్టరికంగా నవ్వింది. ఒక తండ్రి పిల్లాణ్ణి డేలియాల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పిల్లాడు రెండు చేతులా వాసన చూశాడు. ఇవన్నీ సువర్చల కళ్లలో పడ్డాయి. కానీ ఆమె చూస్తున్నది కుక్కని.

పదిన్నరకి జాంగ్రీ లేచి డేలియాల వైపు నడిచింది. దాని ముక్కుకీ ఒక పువ్వుకీ మధ్య జానెడు దూరం. అప్పుడే వెనక నుంచి ప్రదర్శన కార్యదర్శిగారి భార్య విశాలాక్షమ్మగారి గొంతు: "వెయ్యి కుండీలు పెట్టారు గానీ, దేవుడి పటానికి ఒక్క పువ్వు తేవాలని ఈ మగాళ్లకి తోచలేదు చూడమ్మా! దీపం వెలిగించే వేళయింది. ఒక్కటి కోసుకోనా?"

సువర్చల తల తిప్పలేదు. "కోసుకోండి, కోసుకోండి. దేవుడికేగా," అంది. జాంగ్రీ తుమ్మి, దారి మార్చుకుంది.

పదకొండుకి అయిదు నిమిషాలున్నాయనగా అది వెళ్లి బండి కింద పడుకుంది. హమ్మయ్య అనుకుని సువర్చల తన కుండీ దగ్గరికి వెళ్లింది. కొమ్మ చివర పచ్చటి తొడిమ ఉంది. పువ్వు లేదు.

"ఆ కుక్కే! నమిలి మింగేసింది!" పార్కంతా వినపడేలా అరిచింది. జనం మూగారు. అప్పలకొండ పరుగున వచ్చింది. "మా జాంగ్రీ పువ్వులు తినదమ్మా! అన్నంలో కరేపాకేత్తేనే తీసి పక్కనెడతాది!"

మాస్టారు కర్ర ఊతంగా నిదానంగా వచ్చారు. "నువ్వు దాని వెనకాలే ఉన్నావుగా. ఎన్నింటికి తిన్నది?"

సువర్చల నోరు తెరిచింది. ఏడింటి నుంచి జాంగ్రీ వేసిన ప్రతి అడుగూ ఆమెకి గుర్తుంది. మందారాల వరసలో ఒక్కటీ పడలేదు. ఆ కుక్క తరఫున సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఆ పార్కులో ఒక్కతే ఉంది, అది తనే.

"ఇటు రాలేదండీ," అంది చిన్నగా.

అంతలో వేదిక మీద గంట మోగింది. అందరితో పాటు ఆమె కూడా అటు చూసింది. దీపం వెనక వినాయకుడి పటం. పటం పైన, సరిగ్గా కిరీటం మీద, నారింజ రంగు ముద్దమందారం.

"నువ్వే కదమ్మా కోసుకోమన్నావు," అంది విశాలాక్షమ్మగారు అమాయకంగా. "దేవుడికి ఏదో ఒకటి పెడతామా? అన్ని వరసలూ తిరిగి, ఇన్నిట్లో బాగున్నది ఏరి మరీ కోశాను."

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన పటానికి దణ్ణం పెట్టి, కళ్లజోడు సర్దుకుని, ఇంకోసారి దణ్ణం పెట్టాడు. "ఈ మందారం ఎవరిదండీ? కొమ్మ మీద ఉంటే మొదటి బహుమతి దీనిదే. ఇలాంటిది పోటీకి పెట్టలేదేం?"

అప్పుడే వచ్చిన తోటికోడలు కుండీ చుట్టూ ఒకసారి తిరిగింది. "ఆకులు బాగున్నాయి," అంది.

జనం పలచబడ్డాక సువర్చల గేటు దగ్గరికి వెళ్లి, బండి పక్కన నేల మీద కూలబడింది. జాంగ్రీ లేచి వచ్చి ఆమె చెయ్యి వాసన చూసి, ఆ చెయ్యి మీదే గడ్డం ఆనించి పడుకుంది. ఆమె చెయ్యి లాక్కోలేదు.

కొంతసేపటికి రెండో చేత్తో మాస్టారి స్టూలుకి ఆనించిన నల్లబల్ల అందుకుంది. "ఇదేం చెయ్యను మాస్టారూ?"

మాస్టారు బల్ల ఆమె చేతిలోంచి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె ముందు పెట్టారు.

"అక్షరాలు బాగున్నాయమ్మా," అన్నారు. "ఎవరు చదువుతారో చూసుకుని, వాళ్లకి తగ్గట్టు రాయి."