ఆకొకరికి, వక్కొకరికి

అనగనగా అనగానే ఊ కొట్టాలి పిల్లలూ! కొట్టారా? అయితే వినండి. అనగనగా ముత్యాలరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఏటా మాఘమాసంలో దేశదేశాల వర్తకుల సభ జరిగేది. సభ ఉంది కాబట్టే ఆ రేవుకి ఓడలు వచ్చేవి. ఓడలు వచ్చేవి కాబట్టే ఊళ్లో పొయ్యిలు వెలిగేవి.

సభ నడిపే పెద్దశెట్టి కాలం చేశాక ఆ భారం కోడలు మైలాంబ నెత్తిన పడింది.

మొదటి ఏడు ఆమె పండితుల్ని పిలిపించి వ్యాపారధర్మం మీద ఉపన్యాసాలు పెట్టించింది. వర్తకులు శ్రద్ధగా కూర్చున్నారు, శ్రద్ధగా కునుకు తీశారు, లేచి ఇళ్లకు పోయారు.

రెండో ఏడు గొప్ప విందు చేయించింది. బూరెలు, పులిహోర, గడ్డపెరుగు, ఒకటేమిటి! ఏ ఊరివాళ్లు ఆ ఊరివాళ్ల పక్కనే చేరి, ఇంటి దగ్గర రోజూ చెప్పుకునే కబుర్లే ఇక్కడా చెప్పుకున్నారు. కొండూరి పోలిశెట్టి, కుండలు దారిలో పగిలి తన నూనె నేలపాలవుతోందని తన ఊరివాళ్ల దగ్గర వాపోయాడు. రెండు వరసల అవతల జాడీల సూరన్న, గట్టి జాడీలు చేయించినా కొనేవాడే లేడని తన ఊరివాళ్ల దగ్గర వాపోయాడు. ఇద్దరూ త్రేన్చుకుంటూ ఎవరి బండి వాళ్లెక్కారు.

రాజుగారికి ఒళ్లు మండింది. "మైలాంబా! అన్నం పెట్టి పంపడానికి సత్రాలున్నాయి. వచ్చే ఏడూ ఇంతే అయితే సభను మరో రేవుకి మారుస్తాను" అన్నారు.

సభ పోతే ఊరే పోతుంది. మైలాంబకు ముద్ద దిగలేదు. ఏడాది గడిచింది, మాఘం దగ్గరపడింది, ఉపాయం మాత్రం తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె దిగులుగా వసారాలో కూర్చుంది. అత్తగారు పేరమ్మ పెరటి తీగ నుంచి తమలపాకులు కోసుకొచ్చింది. పక్కింటి అచ్చక్క ఎప్పటిలాగే వక్కలూ అడకత్తెరా పట్టుకుని వచ్చింది. ముసలాళ్లిద్దరూ నములుతూ, నవ్వుకుంటూ పొద్దుపుచ్చారు.

అచ్చక్క వెళ్లాక మైలాంబ అడిగింది. "అత్తయ్యా, మనింట్లో వక్కలు బస్తాడున్నాయి కదా! రోజూ ఆవిడ వక్కల కోసం ఎదురుచూడటం దేనికి?"

"ఉన్నాయని నాకు తెలీదుటే పిచ్చిదానా!" అని నవ్వింది పేరమ్మ. "కొత్త కాపురానికి వచ్చినప్పుడు ఈ ఊళ్లో నాకెవరూ తెలీదు. ఒకనాడు వక్క నిండుకుంటే సిగ్గు చంపుకుని పక్కింటి గుమ్మంలోకి వెళ్లాను. ఆ పూట నా దగ్గర వక్క ఉండుంటే, ఇవాళ నాకు అచ్చక్క ఉండేది కాదు."

మైలాంబ అత్తగారిని గట్టిగా కావలించుకుంది. ఎందుకో పాపం పేరమ్మకు అర్థం కాలేదు.

మూడో ఏడు సభ జరిగింది. రాజుగారూ వచ్చారు. భోజనాలయ్యాయి. తాంబూలాలు వచ్చాయి. చూస్తే ఏముంది? కొండూరి వరసకు అన్నీ ఆకులే! రెండో వరసకు అన్నీ వక్కలే! మూడో వరసకు ఉత్త సున్నం!

"భోజనం పెట్టి తాంబూలం ఎగ్గొడతారా? ఇంతకన్నా అవమానం ఉందా?" అని వర్తకులు గొల్లుమన్నారు. రాజుగారు కనుబొమలు ముడిచారు. అయినా మైలాంబ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"అయ్యలారా, మూడూ ఈ పందిట్లోనే ఉన్నాయి. మీ దగ్గర లేనిది ఉన్నవారిని అడిగి పుచ్చుకోండి. మీ దగ్గరున్నది వారికివ్వండి."

ఎవరూ కదల్లేదు. చివరికి తాంబూలం లేనిదే తోచని పోలిశెట్టి, ఆకులు పట్టుకుని అవతలి వరసకు వెళ్లాడు.

"అయ్యా, కాస్త వక్క పెడతారా?"

"దానికేం, కూర్చోండి. తమరిది ఏ ఊరు? ఏం వ్యాపారం?" అన్నాడు సూరన్న.

ఇంకేముంది! సున్నం కోసం మూడో వరసకు ఇద్దరూ కలిసే వెళ్లారు, అప్పటికే జాడీల బేరం కుదిరిపోయింది. వాళ్లను చూసి ఒకరు లేచారు, ఇంకొకరు లేచారు. కాసేపటికి పందిట్లో ఎవరి వరసలో వాళ్లు లేరు. పొద్దువాలినా ఒక్కరూ బండెక్కలేదు.

రాజుగారు ఎర్రబడ్డ పెదవులతో నవ్వి, "సభ ఇక్కడే! ఎప్పటికీ ఇక్కడే!" అని మైలాంబకు బంగారు తాంబూలపు పెట్టె బహూకరించారు.

ఆమె ఒక్క పరుగున ఇంటికెళ్లి దాన్ని అత్తగారి చేతుల్లో పెట్టి పాదాలకు దండం పెట్టింది. "ఈ ఊరు నీ చలవవల్ల నిలబడింది అత్తయ్యా!" అంటూ కళ్లు తుడుచుకుంది.

పేరమ్మ పెట్టె తెరిచి చూసింది. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, ఒక అరలో సున్నం. నిండుగా ఉన్నాయి. ఆమె అచ్చక్కను కేకేసి, వక్కలన్నీ ఆవిడ కొంగులో పోసేసింది.

"ఇవి నీ దగ్గరే ఉండనీ. రేపు మధ్యాహ్నం పట్టుకురా" అంది.

కాబట్టి పిల్లలూ, మన దగ్గర లేనిదాన్ని నోరు తెరిచి అడగాలి, ఇచ్చినవారిని మనసులో నిలుపుకోవాలి. నలుగురితో కలిసి బతకడం అక్కడే మొదలవుతుంది.