ఫీబమ్మ మోసిన వందనాలు

అనగనగా అని మొదలుపెడతాను గానీ, ఎన్నాళ్ళ కిందటని మాత్రం అడక్కండి. నాకు చెప్పినవాళ్ళకీ తెలియదు, వాళ్ళకి చెప్పినవాళ్ళకీ తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పను.

ఒక కొండ, ఒక వాగు. కొండకీ వాగుకీ మధ్య ఒక పేట. ఆ పేటవాళ్ళంతా యేసుప్రభువుని నమ్ముకున్నవాళ్ళు. ఆయన్ని తప్ప ఇంకెవర్నీ నమ్మేవాళ్ళు కాదు.

మజ్జిగ ఇస్తే వాసన చూసి తాగేవాళ్ళు. దారి చెబితే ఇంకొకర్ని అడిగి వెళ్ళేవాళ్ళు. ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే, ఆ నవ్వెందుకో తేలేదాకా వాళ్ళకి అన్నం సయించేది కాదు.

ఆ పేటలో ఫీబమ్మ అని ఒక ముసలామె ఉండేది. భర్త లేడు, బిడ్డల్లేరు, ఒక చెవి వినపడదు. గుడి ఊడ్చి బతికేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. అది దేవుడి పిడికెడు. శనివారం పొద్దున ఫీబమ్మ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ గింజలు పోగుచేసి, పొయ్యి వెలగని ఇళ్ళకి చేర్చేది.

గుమ్మం దగ్గర ఆమెకి మూడే పనులు. వందనాలు చెప్పేది. గింజలు పోయించుకునేది. అడక్కముందే చెంగు విప్పి దులిపేది.

"చూసుకోమ్మా. ఒక్క గింజ కూడా అంటలేదు."

అయినా ఆమె మలుపు తిరిగేదాకా కళ్ళార్పకుండా చూసేవాళ్ళు.

ఎగువ వీధిలో సలోమి ఉండేది, దిగువ వీధిలో రిబ్కమ్మ. తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు. ఒక ఏడు సలోమి నాట్లకి వాగవతలికి పోతూ, అయిదేళ్ళ కూతురు లేయని చెల్లెలి దగ్గర వదిలి వెళ్ళింది. పిల్లకి జ్వరం వచ్చింది. వాగు నిండుగా ఉంది, కబురు చేరడం ఆలస్యమైంది. సలోమి వచ్చేసరికి పిల్ల చాప మీద, తెల్లగుడ్డ కింద ఉంది.

సలోమి ఏడవలేదు. చెల్లెలి వైపు తిరిగి ఒక్క మాట అడిగింది.

"ఏం పెట్టావే నా బిడ్డకి?"

రిబ్కమ్మ నోరు తెరిచింది. మూసింది. లేచి లోపలికి పోయింది.

తప్పు లేకపోతే ఎందుకు చెప్పదు, అంది పేట.

ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. పిల్ల చివరిరోజు ఎట్లా గడిచిందో సలోమికి తెలియదు. ఏడ్చిందా, నవ్విందా, ఏమైనా అడిగిందా. అది చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కత్తే, ఆ ఒక్కత్తె ముఖం సలోమి చూడదు. తెలుసుకోకుండా కళ్ళు మూస్తానేమోనని ఆమె బెంగ. ఆ బెంగ ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే దాన్నీ అనుమానిస్తారు.

మేనమామ చెప్పి చూశాడు. సంఘపెద్ద యోబయ్య చెప్పి చూశాడు. ఉపదేశి మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసి మరీ చెప్పి చూశాడు. లాభం లేదు. మాటల్లేనివాళ్ళు ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదని, ఆయన పేర పంచే రొట్టె తినకూడదని వాళ్ళ కట్టుబాటు. మూడేళ్ళపాటు రొట్టె ముందునుంచి పోతుంటే అక్క ఒక గోడని చూసేది, చెల్లెలు ఇంకో గోడని.

ఒక ఆదివారం ఉపదేశి వాక్యం చదువుతున్నాడు. ఫలానావాళ్ళకి వందనాలు, ఫలానావాళ్ళ ఇంటివాళ్ళకి వందనాలు అని పేర్ల వరుస వచ్చింది. ఆ వరుస దగ్గర అందరికీ కునుకు పడుతుంది. ఫీబమ్మ మాత్రం మంచి చెవి అటు తిప్పి ఆఖరి పేరుదాకా వింది.

ఆ వచ్చిన శనివారం రిబ్కమ్మ ఇంట గింజలు పోయించుకుని, సలోమి గుమ్మంలో నిలబడింది.

"వందనాలమ్మా."

"వందనాలు పెద్దమ్మా."

"రిబ్కమ్మ వందనాలు కూడా."

సలోమి పిడికిలి సంచి మీదే ఆగిపోయింది.

"ఎందుకట?"

"నాకు తెలియదమ్మా."

"ఊరికే పంపదు. నా మేక ఈనిందని తెలిసిందా?"

"నేను చెప్పలేదమ్మా."

"అంటే అడిగిందన్నమాట."

"అడగలేదు."

"అడగలేదా? అయితే ఇంకేదో ఉంది."

ఆ పూటే మేకని తెచ్చి ఇంట్లో కట్టేసింది.

ఫీబమ్మ మళ్ళీ దిగువ వీధికి నడిచింది. "సలోమి వందనాలమ్మా."

"నాకేనా? సరిగ్గా విన్నావా పెద్దమ్మా? నీకు చెవుడు కదా."

"ఒక చెవేనమ్మా."

"ఏ చెవి వైపు చెప్పింది?"

"మంచి చెవి వైపే."

అక్క ఇంటి రోలు ఒకటి రిబ్కమ్మ దగ్గరే ఉండిపోయింది. దానికోసమే ఈ ఎత్తు అనుకుంది. రోలు కదిలించలేక పొత్రం తీసి గాదె వెనక దాచింది.

రెండో శనివారం వందనాలు వెళ్ళాయి, వందనాలు వచ్చాయి. మూడో శనివారం వందనాలు వెళ్ళాయి, వందనాలు వచ్చాయి. మేక ఇంట్లోనే ఉంది, పొత్రం గాదె వెనకే ఉంది. చివరికి సలోమి యోబయ్య దగ్గరికి పోయి చెప్పింది.

"ఆ ముసలామె మా ఇద్దరి మధ్యా ఏదో పెడుతోందయ్యా."

ఆదివారం ప్రార్థన అయ్యాక యోబయ్య అందరి ముందూ అడిగాడు.

"ఫీబమ్మా, వందనాలు చెప్పమని రిబ్కమ్మ నీకు చెప్పిందా?"

"లేదయ్యా."

"సలోమి చెప్పిందా?"

"లేదయ్యా."

"అయితే అబద్ధమాడావు. గుడి ఊడ్చే చేత్తోనే అబద్ధాలు పంచుతున్నావా?"

 ఫీబమ్మకీ ఆ భయం ఉన్నట్టే ఉంది.

"నేను వందనాలంటే రిబ్కమ్మ తిరిగి వందనాలంటుందయ్యా. అది నాకిచ్చిందే కదా. గింజలు నా చేతికే ఇస్తారు. నేను దాచుకోను, లేనివాళ్ళకి చేరుస్తాను. వందనం కూడా అంతేననుకున్నాను. చెల్లెలు ఇచ్చింది అక్కకిచ్చాను, అక్క ఇచ్చింది చెల్లెలికిచ్చాను. నా సొంతానికి ఒక్కటీ ఉంచుకోలేదు."

యోబయ్యకి ఆ మాటలో తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకు ఆయనకి ఇంకా అనుమానం వచ్చింది.

"ఇంత తెలివి నీకెక్కడిది?" అని సంచి తీసుకున్నాడు.

ఫీబమ్మ చెంగు దులిపి చూపించి వెళ్ళిపోయింది.

శనివారం మళ్ళీ వచ్చింది, ఉత్త చేతులతో. పేటంతా తలుపు సందుల్లోంచి చూసింది. సంచే లేదు, ఇంకెందుకొచ్చినట్టు?

"వందనాలమ్మా," అంది సలోమి గుమ్మంలో. సలోమి పలకలేదు. పలక్కపోతే మోసుకుపోవడానికి ఏమీ ఉండదు. ఆ వారం ఏమీ లేకుండానే పోయింది. ఆ పై వారం కూడా అంతే.

మూడో శనివారం ఆమె నడక తూలుతోంది. గుమ్మం పట్టుకుని, "వందనాలమ్మా," అంది.  తలుపు వెనకనుంచి సలోమి గొంతు మెల్లగా వచ్చింది.

"వందనాలు పెద్దమ్మా."

ఆ వందనం ఎక్కడికి పోతుందో తెలిసే ఇచ్చింది.

ఫీబమ్మ దిగువ వీధికి బయల్దేరింది. ఎగువ వీధి దాటింది. గుడి దాటింది. రిబ్కమ్మ ఇల్లు ఇంకో నాలుగు గడపల దూరం ఉందనగా గోడకి చేరబడి కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

సమాధి దగ్గర ఉపదేశి ప్రార్థన ముగించి, "అయినవాళ్ళు ముందుగా మట్టి వెయ్యండి," అన్నాడు. ఆమెకి అయినవాళ్ళెవరు? ఎవరూ కదల్లేదు. యోబయ్య తల వంచుకున్నాడు. అప్పుడు ఒక వైపునుంచి సలోమి, ఇంకో వైపునుంచి రిబ్కమ్మ వచ్చారు. ఒకరొస్తారని ఇంకొకరికి తెలియదు. మధ్యలో గొయ్యి.

ఇదెందుకొచ్చింది అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. మూడు పిడికెళ్ళు ఆమె వేసింది, మూడు పిడికెళ్ళు ఈమె వేసింది. అప్పుడు సలోమి అంది.

"మొన్న శనివారం నీకేమైనా అందిందా?"

"ఏమీ అందలేదు. అయినా అంతకుముందువి నువ్వు పంపలేదని నాకు తెలుసు."

"అంతకుముందువి పంపలేదు. మొన్నటిది పంపాను. దారిలో ఆగిపోయింది." సలోమి చేతుల మట్టి దులుపుకుంది. "వందనాలు రిబ్కా."

ఎందుకని రిబ్కమ్మ అడగలేదు. ఆ పేటలో అట్లా అడగకపోవడం అదే మొదలట.

"వందనాలక్కా," అంది.

అప్పుడు సలోమి మూడేళ్ళుగా లోపల పెట్టుకున్నది అడిగింది. ఈసారి ఏం పెట్టావని అడగలేదు.

"లేయ ఏమడిగిందే?"

రిబ్కమ్మ చెప్పింది. "గంజి ఇస్తే వద్దంది. కాసేపు పడుకుంటాను, అమ్మ రాగానే లేపు పిన్నీ అంది. సరేనన్నాను. నువ్వొచ్చావు. లేపడం నా చేత కాలేదు. నువ్వడిగినప్పుడు నా నోట్లో ఆ మాటే ఉంది. అది నీకెట్లా చెప్పనక్కా?"

సలోమి ఆ మట్టిలోనే కూలబడింది. మూడేళ్ళ ఏడుపు అప్పుడు ఏడ్చింది. రిబ్కమ్మ గొయ్యి చుట్టూ తిరిగొచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపటికి సలోమి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"లేపే పని నీది కాదులేవే. అది ప్రభువు పని. ఆయన మాటిచ్చాడు, తప్పడు. పిల్ల లేచి చూసేసరికి మనిద్దరం ఎడమొహం పెడమొహంగా ఉంటే ఏం బాగుంటుంది?"

తర్వాతి ఆదివారం ఇద్దరూ ప్రభువు బల్లలో చెయ్యి పెట్టారు. ఆ తర్వాత ఎప్పుడూ పోట్లాడుకోలేదని నేను చెప్పను. పోట్లాడుకున్నారట, కాకపోతే మాట్లాడుకుంటూ పోట్లాడుకున్నారట.

ఆ పేటవాళ్ళు ఇప్పటికీ వందనాలు రెండుసార్లు చెబుతారు. ఒకటి ఎదుటి మనిషికి. రెండోది ఆ మనిషి ఎవరికైనా మోసుకుపోవడానికి. మాటల్లేని ఇళ్ళ మధ్య ఆ రెండోది ఎవరో ఒకరు చేరుస్తారు. అనుమానం ఆ పేటని ఇంకా వదల్లేదు కాబట్టి, "ఎందుకు పంపారట?" అని అందుకున్నవాళ్ళు అడగకుండా ఉండరు.

"ఫీబమ్మనడుగు," అంటారు తెచ్చినవాళ్ళు.

ఆమెని అడగాలంటే సమాధుల్లోంచి అందరూ లేచే రోజుదాకా ఆగాలి. అన్నాళ్ళు ఎవరాగుతారు? తిరిగి వందనాలు చెప్పి పంపేస్తారు.