సోలెడు పెసలు

అలివేలమ్మగారిని ఏదైనా అడగాలంటే ముందు ఆకు దంచాలి. పళ్ళు ఊడిపోయి తాంబూలం నమలలేక, ఆవిడ గుప్పెడంత ఇత్తడి రోలు ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టుకునేవారు. సందేహం ఎవరికొస్తే వాళ్ళే ఆకూ వక్కా వేసి మెత్తగా దంచి ఆవిడ చేతికివ్వాలి. దంచేటప్పుడు తాళం తప్పితే మళ్ళీ మొదటినుంచీ దంచాలి. సగం సందేహాలు ఆ దంచడంలోనే తీరిపోయేవి. తీరనివాటికి కూడా ఆవిడ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు, ఎక్కడో కథ చెప్పడానికి వెళ్ళిన ఊరి సంగతి ఎత్తుకునేవారు. పెద్దాపురంలో ఆవిడ దగ్గర హరికథ నేర్చుకున్న ఆడవాళ్ళం ఎక్కడ కలుసుకున్నా ఇప్పటికీ ముందు ఆ రోటి చప్పుడే తలుచుకుంటాం.

ఆ రోజు ఆకు దంచింది హైమవతి. మా అందరిలోకీ మంచి గొంతు తనది. చిడతలు పట్టుకుని నిలబడితే పందిట్లో చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవారు. అలాంటి మనిషి నవ్వి నెల దాటింది. ఎడమ రొమ్ములో గడ్డ ఉందనీ, అది క్యాన్సరనీ, ఆలస్యం చెయ్యకుండా రొమ్ము తీసేస్తే బతుకుతుందనీ కాకినాడలో డాక్టరుగారు చెప్పారు. ఇంట్లోవాళ్ళు బతిమాలారు, మేమూ బతిమాలాం. తను వద్దంటే వద్దంది. రోజులు గడుస్తున్నకొద్దీ మాకు భయం పెరిగేది, తన ఎదుట మాత్రం పాత కీర్తనలు వల్లెవేస్తూ కూర్చునేవాళ్ళం.

దంచిన ఆకు గురువుగారి చేతిలో పెట్టి హైమవతి అడిగింది.

"అమ్మగారూ, విగ్రహం భిన్నమైతే పూజకి పనికిరాదంటారు కదండి. తీసుకెళ్ళి గోదాట్లో కలిపేస్తారు. రొమ్ము కోయించుకున్నదాన్ని, మెళ్ళో దండేసుకుని దేవుడి ఎదురుగా ఎలా నిలబడనండి? గొంతున్నన్నాళ్ళు పాడుకుని వెళ్ళిపోతే సరిపోదాండి?"

అలివేలమ్మగారు తాంబూలం బుగ్గన పెట్టుకుని నా వైపు తిరిగారు.

"సుభద్రా, ఏలేరు ఒడ్డున ఆ ఊళ్ళో మనకి వాన పట్టుకుంది, గుర్తుందా? నువ్వు హార్మోనీకి కొత్తగా వచ్చావప్పుడు. నవమినాడు సీతాకల్యాణం, మర్నాడు పట్టాభిషేకం చెప్పాలి."

"గుర్తుందండి. పందిరంతా కారింది" అన్నాను.

"దానికి ముందు వేసవిలోనే నా ఎడమ రొమ్ము తీసేశారు" అన్నారావిడ, ఆకులో సున్నం తక్కువైందన్నంత మామూలుగా.

అన్నేళ్ళు ఆవిడ పక్కన కూర్చుని వాయించినదాన్ని, నాకు తెలియలేదే అని సిగ్గేసింది, ఆవిడ ఒక్కరూ అదంతా మోశారని దుఃఖమూ వచ్చింది.

"మరి ఆ వేసవిలో మీరు కాశీ వెళ్ళారు కదండి?" అన్నాను.

"కాశీ అని చెప్పి విశాఖపట్నం ఆస్పత్రికి వెళ్ళాను. తిరిగొచ్చాక ఊరందరిదీ ఒకటే ప్రశ్న, కాశీలో ఏం వదిలేశారండీ అని. ఉందిలెండి, ఇష్టమైందే ఒకటి వదిలేశాను అనేదాన్ని. అబద్ధమేం ఆడలేదు."

కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన తిండి ఏదో ఒకటి వదిలేసి రావడం మనకి ఆనవాయితీ. గుత్తివంకాయంటే ఆవిడకి ప్రాణం కనుక, వదిలింది అదేనని మాకు మేమే తేల్చేసుకున్నాం. ఆ తర్వాత ఏ ఊళ్ళో భోజనానికి కూర్చున్నా ఆవిడ విస్తట్లో వంకాయ పడకుండా కాపలా కాసేవాళ్ళం.

"నేను వంకాయ వదల్లేదే. మీరు వదిలించారు" అన్నారావిడ నన్ను చూస్తూ. హైమవతి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"నాకూ నీలాగే ఉండేది" అని హైమవతి వైపు తిరిగారు. "జనానికి తెలియకూడదు, దేవుడికి అసలే తెలియకూడదు. రవికలో దూది పెట్టి చూశాను. కథలో ఒక గంతు వేస్తే అది ఎక్కి భుజమ్మీద కూర్చునేది. మా అక్క ఆలోచించి చిన్న గుడ్డసంచీ కుట్టి సోలెడు పెసలు పోసింది. బరువు సరిపోయింది, పెట్టినచోట బుద్ధిగా ఉండేది. నవమినాడు ఆ వానకి నాతోపాటు సంచీ కూడా తడిసి ముద్దయింది. ఆరేద్దామంటే పరాయివాళ్ళ ఇల్లు. దండెం మీద వేస్తే ఇదేమిటండీ అని అడగరూ? తడిగుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచేశాను. తడిగుడ్డలో చుట్టిన పెసలు ఏమవుతాయో తెలియని ఆడదుంటుందిటే? ఆ కంగారులో నాకు తట్టలేదు."

హైమవతి తలెత్తింది.

"మర్నాడు మధ్యాహ్నం తీసేసరికి సంచీ ఇంత లావైంది. గుడ్డలోంచి మొలకలు బయటికి పొడుచుకొచ్చాయి. పెట్టుకోవడానికి ఇంకోటి లేదు. ఆవుకి పెడదామని మొలకలు పళ్ళెంలోకి దులిపి, తులసికోట పక్కన పెట్టి స్నానానికి వెళ్ళాను. దడి చాటున కూర్చుని ఏడ్చాను. నన్ను అందరిలో ఇలా నిలబెట్టాలనుందా నీకు అని రాముణ్ణి నానా మాటలూ అన్నాను. ఇంక కథ మానేద్దాం, ఒంట్లో బావులేదని చెప్పి బండెక్కేద్దాం అనుకున్నాను. బయటికొచ్చి చూద్దును కదా, పళ్ళెం లేదు. మన సన్యాసిరావు పట్టుకుపోయాడు."

సన్యాసిరావుగారు మా మృదంగం ఆయన. దేవుడికి చూపించకుండా అరటిపండు తొక్క కూడా ఒలవరు. తులసమ్మ దగ్గర పళ్ళెం కనబడేసరికి అది ప్రసాదానికేననుకున్నారు. కొబ్బరి కోరి, పచ్చిమిరపకాయ తరిగి వేసి, నిమ్మకాయ పిండి, తిన్నగా తీసుకెళ్ళి పందిట్లో పూజారిగారికి ఇచ్చేశారు.

"నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తేసరికి పళ్ళెం రాముడి ముందుంది. పూజారిగారు గంట వాయిస్తున్నారు."

"ఆపలేదాండి?" అంది హైమవతి.

"ఏమని ఆపనే? అయ్యా, అది నైవేద్యం కాదు, నా ఎడమ రొమ్ము అని చెప్పనా?"

హైమవతి పెదవి బిగబట్టింది. అయినా ఆగలేదు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది, ఆఖరికి చాపమీద ఒరిగిపోయి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మాకూ అదే పరిస్థితి. నేనైతే ఇంకో కారణానికి కూడా ఏడ్చాను. ఆ ప్రసాదం నేను తిన్నాను. ఇల్లు విడిచి మొదటిసారి బయటి ఊరు వెళ్ళినదాన్ని, ఆకలేసి ఉన్నాను. తడిసిన తాటాకుల వాసన, అరచేతిలో చల్లటి మొలకలు, నిమ్మరసం పులుపు. సన్యాసిరావుగారు పెడుతుంటే రెండోసారి కూడా చెయ్యి చాపాను. అంత రుచైన ప్రసాదం తర్వాత ఏ గుళ్ళోనూ నాకు దొరకలేదు.

"అక్కడే నాకూ నవ్వొచ్చిందే" అన్నారు అలివేలమ్మగారు. "ఏడాదిగా రాముడి దగ్గర ఏడుస్తూనే ఉన్నాను. ఆవేళ ఆయనా నేనూ కలిసి నవ్వుకున్నట్టనిపించింది. లోపల ఏమీ పెట్టుకోకుండానే దండేసుకుని కథకి నిలబడ్డాను. లక్ష్మణమూర్ఛ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ తన్నుకొచ్చింది నవ్వు. జనమంతా కళ్ళొత్తుకుంటున్నారు. ఏం చెయ్యను, ఆకు గుర్తుపట్టలేక కొండ మోసుకొచ్చిన హనుమంతుడి మీద అప్పటికప్పుడు ఒక పిట్టకథ అల్లేశాను."

ఆ పిట్టకథ ఊరూరా అడిగి చెప్పించుకునేవారు. అంత దుఃఖం మధ్యలో నవ్వించడం ఆవిడ విద్య గొప్పతనం అనుకునేవాళ్ళం మేం.

హైమవతి కళ్ళు తుడుచుకుని లేచి కూర్చుంది. "మరి రాముడేమీ అనుకోలేదాండి?" అని చిన్నగా అడిగింది.

"నాకేం తెలుసు? పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది. కడిగింది సుభద్రే" అన్నారావిడ.

ఆ వారమే హైమవతి కాకినాడ ఆస్పత్రిలో చేరింది. అడిగినవాళ్ళందరికీ కాశీ వెళ్తున్నానని చెప్పింది. అలివేలమ్మగారు పోయి ఇప్పటికి చాలా కాలమైంది. సన్యాసిరావుగారూ లేరు. ఇత్తడి రోలు హైమవతి ఇంట్లో ఉంది, తన దగ్గర నేర్చుకునే పిల్లలు ఇప్పుడు దాంట్లో తాళం తప్పుతున్నారు. ఆ చప్పుడు వినడానికే నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. వెళ్ళినప్పుడల్లా, ఆపరేషనయ్యాక తను మొదటిసారి గురువుగారిని చూడ్డానికి వచ్చిన రోజు గుర్తొస్తుంది. మనిషి చిక్కింది, చెయ్యి ఇంకా సరిగ్గా పైకి లేవడం లేదు. వంగి దణ్ణం పెట్టి, సంచీలోంచి ఒక చిన్న గుడ్డమూట తీసి ఆవిడ చేతిలో పెట్టింది. తనే కుట్టుకుంది, కుట్లు వంకరగా ఉన్నాయి.

అలివేలమ్మగారు మూటని అరచేతిలో ఎగరేసి బరువు చూశారు. గుడ్డమీంచే వేళ్ళతో నొక్కి గింజ ఏమిటో పోల్చుకున్నారు.

"సెనగలా? మంచిపని చేశావు" అన్నారు. "సన్యాసిరావుకి ఈమధ్య పెసలు అరగడం లేదు."