కొర్ర కంకుల కొంగు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది చిన్నోబులేసు. సుంకన్న మాస్టరు దగ్గర కంప్యూటర్ల పని నేర్చుకున్నవాడు. ఆ రోజు అక్కడే ఉండి చూసినవాడు. తర్వాత ఊళ్ళో ఎవరెవరో ఏమేమో చెప్పారు, వాళ్ళెవరూ అక్కడ లేరు. అందుకే చిన్నోబులేసు చెప్పినంతే చెబుతాను.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. సుంకన్న మాస్టరు అంగడి మా వీధి మొదట్లోనే. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కంప్యూటరు ఆగి ఆగి నడుస్తోందని ఎవరు తెచ్చినా, ముందు సొంతదారును పక్కన కూర్చోబెట్టి, "నీ వస్తువు యాడుందో వేలు పెట్టి చూపించప్పా" అనేవాడు. చూపించాకే చెయ్యి వేసేవాడు. పెట్టె విప్పి దుమ్ము దులిపి, లోపలి ముక్కలు ఒక్కొక్కటే తీసి చూసి, అప్పటికీ కుదరకపోతే పాతది తుడవకుండా దాని మీదనే కొత్త విండోస్ ఎక్కించేవాడు. పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతామే, అట్లాంటి పని. ఓపిక లేనివాడు చేయలేడు.

ఆ పొద్దున చిన్నోబులేసు విసుక్కున్నాడు. "సార్, మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కిస్తే పోయె కదా. బస్టాండు కాడ వాళ్ళు మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తాండారు. మనకేంటికి ఈ తిప్పలు?"

"చెప్తాలేప్పా. ముందు ఆ టీ చల్లారిపోతాది, తాగు" అన్నాడు మాస్టరు.

టీ గ్లాసులు కింద పెట్టకముందే గంగరత్నమ్మ కంప్యూటరు పట్టుకుని ఆటో దిగింది. వెనకే ఆమె మొగుడు తిప్పేస్వామి, గోడ పట్టుకుని. తిప్పేస్వామి పట్టుచీరలకు అంచులూ కొంగులూ కంప్యూటరులో గీసేవాడు. ఆయన గీసిన అంచులు నా మగ్గం మీద నేను నేశాను, కాబట్టి ఎట్లాంటి పనివాడో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. పడకముందు గీసిన చివరి కొంగు ఒకటుంది. కొర్ర కంకులు గాలికి ఒక పక్కకు వాలినట్టు గీశాడట. పట్టుమీద కొర్ర కంకి అంతకు ముందు ఎవరూ చూడలేదు. మగ్గమెక్కిన డిజైన్లకు, మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలైనా మిగులుతాయి. అట్టలు కొట్టించని ఈ కొంగుకు ఆ కంప్యూటరు తప్ప వేరే చోటు లేదు. అట్టలు కొట్టిద్దామని తెరిచినప్పుడల్లా కంప్యూటరు హ్యాంగయ్యేది. గంగరత్నమ్మ దాన్ని బస్టాండు దగ్గరి అంగడిలో ఇచ్చింది. ఆ అంగడివాడి పేరు నేను నోటితో పలకను.

"డి డ్రైవులో ఉండేవి భద్రమమ్మా, సి మాత్రమే తుడుస్తామన్నాడు సార్. సరే అంటి. సి ఏందో డి ఏందో మాకేం తెలుసు?" అంది ఆమె. "ఇల్లు కడిగినట్టు కడిగినాం పొమ్మన్నాడు. ఇంట్లో మనుషుల్ని గూడా కడిగేసినాడు."

మాస్టరు కంప్యూటరు ఆన్ చేశాడు. డి లో సినిమా పాటలూ ఎవరిదో పెళ్ళి ఫోటోలూ ఉన్నాయి. "నీ బొమ్మలు యాడుండె తిప్పేస్వామీ?" అని అడిగాడు.

తిప్పేస్వామి ఎడమచేతి వేలు తెచ్చి ఖాళీ తెర మీద, ఎడమ మూల పెట్టాడు. "ఈడే," అన్నాడు, నాలుక తిరగక. "కండ్లెదురుగా పెట్టుకుంటి."

కళ్ళెదురుగా పెట్టుకున్నదంతా సి లోనే ఉంటుందని గీసేవాడికి తెలియదు. తెలిసినవాడు అడగలేదు.

పోయినవాటిని వెదికే పని మొదలుపెట్టాడు మాస్టరు. కాసేపటికే కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. అంత తుడిచినా రోగం అట్లాగే ఉంది. అప్పుడాయన పెట్టె విప్పాడు. లోపల ఫ్యాను తిరగడం లేదు. రెక్కల చుట్టూ పట్టు నూగు చుట్టుకుని గడ్డకట్టింది. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, మగ్గాల ఇంట్లో గాలిలో ఎగిరేదంతా అక్కడ చేరింది. కంప్యూటరు వేడెక్కి ఆగేది, అంతే. బస్టాండు దగ్గరివాడు మూత కూడా తీయలేదు. ఆ నూగు ఉండను పెరికి మాస్టరు చిన్నోబులేసు అరచేతిలో పెట్టాడు.

సాయంత్రం దాకా వెదికితే ఒక్క బొమ్మ దొరికింది. తెరిచారు. పైన నాలుగు కంకులు వచ్చాయి, గింజ గింజా తెలిసేటట్టు. వాటి కిందంతా బూడిదరంగు. ఆ కంకులకు కాడలు లేవు.

"ఇంత చాలు సార్!" అంది గంగరత్నమ్మ. "మిగిలింది ఆయప్పే గీస్త..."

మాట మధ్యలో మొగుడి ఒడిలోకి చూసింది. అక్కడ ఆ కుడిచెయ్యి ఎవరో మరిచిపోయి పెట్టిపోయిన వస్తువులాగా ఉంది. తిప్పేస్వామి తెర వైపు మళ్ళీ చూడలేదు.

వాళ్ళు ఆటో ఎక్కుతుంటే చిన్నోబులేసు కంప్యూటరు మోసుకెళ్ళి అందులో పెట్టి వచ్చాడు. జేబులో దాచుకున్న నూగు ఉండను బయటికి తీశాడు. "సార్, పొద్దున నేనడిగింది..." అన్నాడు.

మాస్టరు ఆటో పోయిన వైపే చూస్తూ అన్నాడు: "ఆ కంప్యూటరు ఇంక యాడా ఆగదులేప్పా."

ఇక్కడికి సంగతి అయిపోయింది. చేనేత సొసైటీ ఎర్రిస్వామి మాత్రం పెళ్ళిళ్ళలో వేరేగా చెబుతాడు. కొంగు మొత్తం దొరికిందట, నేయించారట, ఒక పెళ్ళికూతురు కట్టిందట. వినేవాళ్ళు తలలూపుతారు. వాడికీ నాకూ మాటల్లేవు, అది వేరే కథ. నలభై ఏళ్ళు ఈ వీధిలో మగ్గం మీద కూర్చున్నవాణ్ణి చెబుతున్నాను. ఆ చీర ఏ మగ్గమూ ఎక్కలేదు, ఏ పిల్లా కట్టలేదు. చక్కగా రాయడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఈ సంగతి రాస్తే ఆ పెళ్ళికూతురి మాట కొట్టేయండి. మాస్టరు అన్న మాట దగ్గరే ఆపండి.