నడుముకు తాడు కట్టించుకున్న తల్లి

పాలవెల్లి మడుగు పడమటి ఒడ్డున నిలుపులమ్మ గుడికి కొత్తగా వచ్చిన భక్తులు మొదట తికమకపడతారు. లోపల విగ్రహం ఉండదు. ఖాళీ పీఠం, దాని ముందు నీళ్ళలోంచి పైకి వచ్చి, అవతల తేలుతున్న తెప్పచేనుదాకా సాగే లావుపాటి గడ్డితాడు, అంతే. ఆ తాడే ఇక్కడ దర్శనం. రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగితే నీళ్ళ అడుగునుంచి అమ్మవారు తిరిగి లాగుతుంది. చేతులకు తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ అమ్మవారు పీఠం మీదే ఉండేది. అప్పటి పేరు ఒడ్డుతల్లి. చుట్టూ అంతా బురదే. గుంజ పాతితే ఊడివచ్చే నేల. రాయి అనేది ఆ ప్రాంతంలో అమ్మవారి విగ్రహం ఒక్కటే. అందుకే జనం రెల్లు పరిచి, బురద మెత్తి, ఊరంతటికీ ఒకే తెప్పచేను కట్టుకుని దాని మీద వెన్నెలవరి పండించేవారు. రెండు చందమామలూ ఒకేసారి నిండే నెలలో వెన్నులు నీలంగా మెరిసేవి. సరిగ్గా అప్పుడే కోతగాలి లేచి, పండిన చేనును తూర్పు ఒడ్డుకు నెట్టుకుపోయేది.

తూర్పు ఒడ్డు మేడదొరది. చేను ఏ ఒడ్డుకు తగిలితే పంట ఆ ఒడ్డుదని ఆయన శాసనం. గాలి అమ్మవారి ఊపిరి, దానికి అడ్డుపడితే పాపమని ఆయన పండితులు చెప్పారు. చెప్పినవాళ్ళలో ఒక్కడూ ఏనాడూ పస్తు పడుకోలేదు. విన్నవాళ్ళు మాత్రం ఏటేటా హారతి ఇచ్చి, తమ పంటను తామే సాగనంపి, రెల్లుదుంపలు తిని బతికారు.

ఆ ఊరి సింగారి భర్త లేని మనిషి. పోయిన ఏడు దుంపలు కూడా చాలక పెద్దబిడ్డను పోగొట్టుకుంది. చిన్నది మిగిలింది. ఈ పంట కూడా పోతే అదీ దక్కదు. కోతలు దగ్గరపడిన ఒక మధ్యాహ్నం చేనులోనే కునుకు తీస్తుంటే అమ్మవారు కలలో కనిపించింది. చేతులు చూపించి అడిగింది. "ఇన్ని పసుపులు పూశారు, ఇన్ని చీరలు కట్టారు. ఒక్క పనీ చెప్పలేదేమే? తాడు పేనుకురా. నన్ను నీళ్ళలో దింపు."

సింగారి లేచి పాతగడ్డి ముందేసుకుని తాడు పేనడం మొదలుపెట్టింది. సంగతి విని పూజారి జగ్గన్న మండిపడుతూ వచ్చాడు. ఆమెకు వరసకు బావ.

"ఏమే సింగారీ, అమ్మ నీకే కనబడిందా? రోజూ నీళ్ళు పోసేవాణ్ణి, నేను కనబడలేదా?"

"నీకూ కనబడే ఉంటుంది బావా. నువ్వు లేచి మొహం కడుక్కుని ఉంటావు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు అడ్డంపెట్టుకుని నవ్వారు. నవ్వినవాళ్ళే కాసేపటికి తలా ఒక గడ్డిమోపు తెచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

కోతగాలి లేచిన ఉదయం తాడు ఒక కొస చేనుకు బిగించి, రెండో కొసతో సింగారి గుడిలోకి వెళ్ళింది. జగ్గన్న గడపకు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మ మునిగితే ఊరు మునుగుతుంది!"

"ఊరు ఎప్పుడో మునిగింది బావా. తేలేది చేను ఒక్కటే. అదీ వాళ్ళ ఒడ్డుకే."

అతణ్ణి తోసుకుని లోపలికి వెళ్ళి విగ్రహాన్ని వాటేసుకుంది. రాయి కదల్లేదు. గోళ్ళు విరిగాయి. అయినా వదల్లేదు. బయట చేను కదలడం మొదలైంది. సింగారి తాడు కొసను అమ్మవారి మెడకు చుట్టబోయింది. అప్పుడు జగ్గన్న గొంతు వినిపించింది.

"మెడకు కాదే. నడుముకు కట్టు. అమ్మకు ఊపిరాడొద్దూ?"

అతనే వచ్చి ముడి వేశాడు. ఇద్దరూ భుజాలు ఆనించారు. ఊరివాళ్ళు వెనకనుంచి తోశారు. పీఠం ముందున్న మడుగులో అమ్మవారు మునిగి బురదలో కూరుకుపోయింది. తాడు బిగిసి మూలిగింది. చేను ఆగింది.

తూర్పు మెట్ల మీద దొర మనుషులు కొడవళ్ళతో చీకటిపడేదాకా నిలుచున్నారు. వారి ఒడ్డుకు చేను తగలలేదు. వారి శాసనమే వారి నోరు కట్టేసింది. ఆ ఏడు సింగారి చిన్నబిడ్డ కొత్తబియ్యం అన్నం తిన్నది.

చాలాకాలానికి మేడదొర మనవడు మంచి చేసుకోవడానికి ఇనుప గొలుసు ఒకటి కానుకగా పంపాడు. గడ్డితాడు ఏడాదికి కుళ్ళిపోతుంది, ఇది తరాలకు సరిపోతుందన్నాడు. అప్పటికి ముసలిదైన సింగారి ఒప్పుకోలేదు. "గొలుసు వేస్తే మనవాళ్ళు మరిచిపోతారు. మరిచిపోయిన ఏడే అది తెగుతుంది" అన్నది. ఆ గొలుసు ఇప్పటికీ గుడి గోడకు తుప్పుపట్టి వేలాడుతోంది. దానికి పసుపు పూయరాదు.

నేటికీ కోతల ముందు తాడుపండుగ జరుగుతుంది. ప్రతి ఇంటివారూ గడ్డి తెచ్చి పేనాలి. డబ్బిచ్చి పేనించుకోవడం ఒప్పుకోరు. జగ్గన్న వంశీకుడు నీళ్ళలో మునిగి, పాతతాడు విప్పకముందే కొత్తది అమ్మవారి నడుముకు కట్టివస్తాడు. ఆ తరువాతే కొడవలి పడుతుంది.

ఈ తాడు పట్టినవారి ఇంట సిరులు కురుస్తాయని ఇక్కడ ఎవరూ చెప్పరు. మీరు పండించినది మీ దగ్గరే నిలుస్తుంది. అమ్మ పట్టు వదలదు. తాడు మాత్రం ఏటేటా మీరే పేనాలి.